పండుగ పంక్తిలో పార్నెల్

ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ వ్రాసిన ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మాన్’ అను నవల 1916వ సంవత్సరాంతమున న్యూయార్కు నగరమునుండి పుస్తకరూపమున వెలువడెను. అంతకుముందు లండనులోని ‘ఈగోయిస్ట్’ పత్రికలో భాగములుగా వచ్చినది. ఒక బాలుడు పెరిగి కవి యగుట యందలి వస్తువని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. అయినను నన్ను పట్టి నిలిపినది ఆ వస్తువు కాదు. మొదటి అధ్యాయములోని క్రిస్మసు విందు. ఒక కథోలిక కుటుంబము పండుగనాడు ఒకే బల్ల చుట్టు కూర్చుండి, భోజనము ముగియకముందే రెండుగా చీలిపోవుటయే ఆ ఘట్టము. పుటలు కొద్ది. దానిని నేను మూడుమారులు చదివితిని. మొదటిమారు నిఘంటువు ప్రక్కన నుంచుకొని.

నేను ఆంగ్లమున పట్టము పుచ్చుకొన్నవాడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, ముప్పదియేండ్లకు పైగా చిట్టా ఆవర్జాలు వ్రాసిన గుమాస్తాను. ఒకప్పుడు మా సాత్తూరు కలము పాళీలకు ప్రసిద్ధి కెక్కిన ఊరు. ఆ పాళీలతో జీవనము గడపిన చేతికి విమర్శ యనినను ఒక లెక్కగనే తోచును. ఎవరి పద్దున ఏమి జమ పడినది, ఏమి ఖర్చు పడినది, ఏది వ్రాయక విడువబడినది అని చూచుటే నాకు చేతనగును. పండితులు మన్నింతురు గాక.

పార్నెల్ ఎవరో తెలియనివారికి ఈ విందులోని కలహ మేమియు బోధపడదు. చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ 1846లో విక్లో సీమలో పుట్టిన భూస్వామి, మతముచేత ప్రొటెస్టెంటు. ఆయనను నెత్తిన పెట్టుకొన్న జనులో, మిక్కిలి భాగము కథోలిక కౌలు రైతులు. 1879లో మైకేల్ డావిట్ ప్రభృతులు ఏర్పరచిన లాండ్ లీగునకు ఆయన అధ్యక్షుడు. మనవారు స్వదేశీ యుద్యమ కాలమున నేర్చిన ‘బాయ్‌కాట్’ అను మాట 1880లో ఆ పోరాటముననే పుట్టినది. అది కెప్టెన్ బాయ్‌కాట్ అను నొక జమీను ఏజంటు పేరు. హోంరూల్ అను మాటయు అచ్చటిదే. అనీ బిసెంటు 1916లో మద్రాసున దానికి లీగు నెలకొల్పినారు. మన తెలుగువాడు వి.వి. గిరి 1913 మొదలు 1916 వరకు డబ్లిన్‌లో న్యాయశాస్త్రము చదివెను. ఈ నవల వెలువడిన యేడే ఆయన ఆ దేశమును విడువవలసివచ్చినది. కావున ఇది మనకు పూర్తిగా పరాయి కథ కాదు.

పార్నెల్ పతనమునకు కారణము రాజకీయము కాదు, ఒక దావా. కెప్టెన్ ఓషే అనువాడు 1889 డిసెంబరు 24వ తేదీన తన భార్యపై విడాకుల దావా వేసి, అందు పార్నెల్‌ను ప్రతివాదిగా చేర్చెను. 1890 నవంబరులో తీర్పు వచ్చినది. ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్ ఈయనతో ఇక పొత్తు కుదరదనెను. డిసెంబరు మొదట ఐర్లండు కథోలిక మేత్రాణులు ఇట్టివాడు నాయకత్వమునకు తగడని ప్రకటించిరి. పార్లమెంటు భవనములో పదునైదవ నంబరు కమిటీ గదిలో ఐరిష్ పక్షము దినముల తరబడి వాదించుకొని చీలిపోయినది. ఎక్కువమంది ఆయనను విడిచి లేచిపోయిరి. 1891 జూనులో ఆయన ఆ స్త్రీనే వివాహమాడెను. అక్టోబరు 6వ తేదీన మరణించెను. వయస్సు నలుబదియైదు. ఆ మరణమునకు మూడు నెలలైనను నిండక వచ్చిన క్రిస్మసే మన నవలలోని పండుగ.

గృహస్థు సైమన్ డెడాలస్, ఆయన భార్య, పెద్దవాడైన చార్లెస్ మామ, బాలునకు చదువు చెప్పు రియోర్డన్ అను వితంతువు, కారాగారమున మూడు వ్రేళ్లు వంగిపోయిన కేసీ అను స్నేహితుడు. ఆ వితంతువును బాలుడు ‘డాంటే’ యని పిలుచును. బాలుని పేరు స్టీఫెన్. యేసుసభవారి బడినుండి సెలవులకు వచ్చిన వానిని తొలిసారిగా పెద్దల పంక్తిలో కూర్చుండబెట్టినారు. ఈ ఒక్క యేర్పాటులోనే జాయిస్ బుద్ధికుశలత కలదు. పెద్దల ప్రక్కన కూర్చుండుట వానికి గౌరవము. ఆ గౌరవము దక్కిన దినముననే పెద్దలు పెద్దలుగా లేకపోయిరి.

కలహము చిన్నమాటతో ఆరంభమగును. గుడిలో ఎన్నికల మాట లెత్తరాదని ఎవరో పాదిరితో అన్నదానిని సైమన్ మెచ్చుకొనుచు చెప్పును. మందను నడుపుట కాపరి విధి కాదా యని డాంటే అడుగును. చార్లెస్ మామ మాట మరలింప జూచును. గృహిణి సంవత్సరమున ఈ యొక్క దినమైనను వలదని ప్రాధేయపడును. సైమన్ కొంతసేపు ఊరకుండి, వడ్డించుచు వడ్డించుచు మరల గెలుకును. ఇచ్చట నేనొక మాట చెప్పవలెను. సైమన్‌ను విమర్శకులు చాలమంది దేశభక్తుని క్రింద జమకట్టుదురు. నాకు మాత్ర మాయన ముందుగా తప్పిన గృహస్థుగా కనబడును. తన యింట, తన చేతి వడ్డనలో, తన అతిథిని నొప్పించుట మన వైపున దోషములలో దోషము. వాదమున గెలిచినంత మాత్రమున ఆ దోషము కొట్టివేయబడదు.

అటుపిమ్మట కేసీ ఆర్క్‌లో పట్టణమున తన్ను వెంబడించి పార్నెల్‌ను తిట్టిన ముసలిదాని కండ్లలో పొగాకు రసము ఉమిసిన కథ చెప్పును. బల్ల చుట్టు నవ్వు, డాంటేకు రోత. తరువాత నూరేండ్ల చరిత్ర బల్లమీదికి వచ్చును: 1800 నాటి విలీన చట్టమునకు మేత్రాణుల మద్దతు, 1861లో మక్‌మానస్ శవయాత్రయెడ ఆర్చిబిషపు కల్లెన్ చూపిన వైముఖ్యము, పార్నెల్. దేశముకంటె దేవుడు ముందని ఆమె; అట్లయిన ఐర్లండునకు దేవుడే వలదని కేసీ. కుర్చీ ప్రక్కకు త్రోయబడును, రుమాలు కట్ట దొర్లిపోవును, ఆమె తలుపు విసరి వెడలిపోవును. కేసీ తన చనిపోయిన నాయకుని తలచి చేతులలో మొగముంచుకొని ఏడ్చును. బాలుడు తల యెత్తి చూడగా తండ్రి కండ్ల నిండ నీరు. ఘట్ట మంతటితో ముగియును. జాయిస్ తన మాటగా ఒక్క తీర్పును చెప్పడు.

దీనిని ‘రాజకీయమునకు మతమునకు జరిగిన పోరు’ అని చెప్పి విడుచుట పొరబాటని నా యభిప్రాయము. మతపక్షమున నున్న డాంటే దేశద్రోహి కాదు. ఆమెకు రెండు బ్రష్షులు కలవు: ఎఱ్ఱమఖమలు డావిట్ పేర, పచ్చమఖమలు పార్నెల్ పేర. ఆంగ్ల రాణి గీతమునకు టోపీ తీసిన పెద్దమనిషిని గొడుగుతో నెత్తిన కొట్టిన స్త్రీ ఆమె. అట్టి యామెయే మేత్రాణుల మాట విని కత్తెరతో ఆ పచ్చమఖమలు చీల్చివేసెను. ఇటు దేశపక్షమున నున్న కేసీ నాస్తికుడు కాడు. తాత ముత్తాతలు ప్రాణములనైన విడిచిరి గాని మతము నమ్ముకొనలేదని అతడే గర్వముతో చెప్పును. కావున ఆ బల్లకు ఈ ప్రక్క దేవుడు, ఆ ప్రక్క దేశము కూర్చుండలేదు. ప్రతి మనిషిలోను రెండును కూర్చున్నవి. బయటి గొంతు ఒకటి వచ్చి, రెంటిలో నొకటి యేరుకొమ్మనినది. వారి కోపములో సగము ఎదుటివానిపై కాదు, ఏరుకొనవలసి వచ్చినందులకు.

ఈ సంగతి నాకు పుస్తకమువలన కాక వేరొక విధమున ముందే తెలియును. మా సాత్తూరు కామరాజుగారిని 1957లోను 1962లోను శాసనసభకు పంపిన నియోజకవర్గము. ఆయన ముఖ్యమంత్రిగా నుండగా మేము ఆయన వోటర్లము. 1967లో ఆయన విరుదునగరమున నిలిచి ఒక విద్యార్థి నాయకుని చేతిలో ఓడిపోయెను. నాకప్పుడు ఏడేండ్లు. మా నాయన కాంగ్రెసువారు. మా మేనమామ ద్రావిడ మున్నేట్ర కళగమువాడు. తెలుగు ఇంట పుట్టి అణ్ణాదురైగారి ఉపన్యాసములు కంఠతా పట్టినవాడు. మా అవ్వ కామరాజు గెలుపునకు ఇరుక్కంగుడి మారియమ్మకు మ్రొక్కుకొన్నది. ఆ యేటి ఉగాదినాడు అందరును ఆకుల ముందు కూర్చుండగా మామ నవ్వుచు, “అత్తా, మీ ఇరుక్కంగుడి అమ్మ గూడా ఉదయసూర్యుడికే ముద్ర వేసినట్టుండాదే!” అనెను. అవ్వ చేయి ఆకుమీదనే ఆగిపోయినది. నాయన, “ఆకు ముందర ఇట్లా మాట మన ఇంట్లో ఎవురూ మాట్లాడింది లేదు” అనిరి. మామ బదులు చెప్పెను, నాయన లేచిరి, అవ్వ లేచినది. మామ చెప్పులు తొడుగుకొని వెడలిపోయెను. మా అక్క పెండ్లికి రాలేదు. అవ్వ పోయినప్పుడు వచ్చి అరుగుమీదనే నిలిచి పోయెను.

డబ్లిన్‌లోని బల్లకును మా యింటి ఆకులకును పోలిక చెప్పుటకు ఇది వ్రాయలేదు. పిల్లవాడు ఏమి చూచును, ఏమి చూడడు అను ప్రశ్న నాకు ఆ పంక్తిలోనే పుట్టినది. దానిని తరువాత చెప్పెదను.

మతము, రాజకీయము కుటుంబములను చీల్చిన కథలకు మా సీమ కొత్తది కాదు. కోవిల్పట్టి చెంతనున్న కామనాయక్కన్‌పట్టిలో కథోలిక మతము మూడు శతాబ్దములకు మించిన పాతది. వీరమామునివరని తమిళులు పిలుచు బెస్కీ పాదిరి అచ్చట నుండినవాడే. కోవిల్పట్టికి పడమట కళుగుమలై కలదు. అచ్చటి మురుగన్ కోవెల తెలుగు మాటలాడు ఎట్టయపురము జమీనువారి యేలుబడిలో నుండెడిది. రథవీధులలో ఊరేగు హక్కు నాడార్లకు లేదనిరి. ఆ హక్కు కోర్టులలో దక్కకపోగా వారిలో పలువురు కథోలికులైరి. 1895లో పంగుని ఉత్సవమునాడు రథము సాగునప్పుడు కలహము చెలరేగి, జమీను మేనేజరు వెంకటరావును మరికొందరును చనిపోయిరి. నాలుగేండ్లకు, 1899లో, శివకాశి దోపిడి జరిగినది. ఈ రెంటిని కోవిల్పట్టి ప్రాంతపు రచయిత పూమణి ‘అఞ్ఞాడి’ యను వేయి పుటలకు పైబడిన తమిళ నవలలో (2012) చిత్రించెను. దానికి 2014లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. మన తెలుగు కుటుంబముల వలసకథ కి. రాజనారాయణన్ చేత ‘గోపల్ల గ్రామం’గా 1976లో తమిళముననే వ్రాయబడినట్లు, జమీనువారి ఈ కథయు తమిళముననే వ్రాయబడినది. ఈ రెంటిని తెలుగున మనవారెవ్వరును వ్రాయక పోవుట నాకు కొంచెము చిన్నతనముగ తోచును.

ఐర్లండు కథకును కళుగుమలై కథకును ఒక భేదము చెప్పక తీరదు. అక్కడ ఒకని సంసారపు విషయము మతవిషయమై, మతవిషయము రాజకీయ పక్షమును కూల్చినది. ఇక్కడ వీధిలో నడచు హక్కు, అనగా కేవలము లౌకికమైనది, మతమార్పిడికి దారితీసినది. దిక్కులు వేరు. పూమణి ఒక సీమనంతయు, తరములనన్నిటిని పరచి చూపెను. జాయిస్ ఒక బల్లను చూపి ఊరకుండెను. ఏది గొప్ప యను వాదమునకు నేను దిగను. చదివిన పిమ్మట మనసున చాలకాలము నిలిచినది మాత్రము బల్లయే.

కేరళమున జరిగినదియు ఇచ్చట స్మరింపదగును. 1957 నాటి నంబూద్రిపాడు మంత్రివర్గమున విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి. ఆయన కథోలికుడు, మలయాళమున పేరొందిన సాహిత్య విమర్శకుడు కూడ. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యమును కట్టడి చేయు ఆయన బిల్లును ఆయన మతసంస్థయే ముందుండి ఎదిర్చినది. 1959లో విమోచన సమరము నడచినది. జూలై 31వ తేదీన మంత్రివర్గము తొలగింపబడినది. డబ్లిన్‌లో విడాకుల తీర్పు చేసిన పనిని అచ్చట బడి జీతముల లెక్క చేసినది.

ఇక నవలకు మరలుదము. ఈ విందు ఘట్టమును విడిగా తీసి చదువుట ఒక విధమున అన్యాయము. రెండవ అధ్యాయములో సైమన్‌కు డబ్బు కరవైన పిమ్మట, కుమారుని ఇంకొక యేసుసభ బడిలో చేర్చుటకు ఆ సభవారి మాటసాయమే దిక్కగును. బాలుడు అన్యాయముగా దెబ్బలు తిని ధైర్యముగా పెద్ద పాదిరికి ఫిర్యాదు చేసిన కథను, ఆ పాదిరియు కొట్టిన పాదిరియు కలిసి కడుపార నవ్వుకొనిరని సైమన్ ఇంట నవ్వుచు చెప్పుకొనును. క్రిస్మసునాడు పాదిరులను తిట్టి కన్నీరు పెట్టినవాడే ఈ నవ్వినవాడు! ఆ కన్నీరు దొంగ కన్నీరని నేననను. అది నిజమే, ఈ నవ్వును నిజమే. చందా ఈయనని రచ్చబండ దగ్గర అరచి, మరునాడు పిల్లవాని సీటుకొరకు అదే గడప త్రొక్కువారిని నా ఉద్యోగపు దినములలో నెందరినో చూచితిని. వారిని చూచి నవ్వినవాడను, నేనును త్రొక్కితిని. జాయిస్ ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టక, మధ్య చాల పుటలు విడిచెను. చదువరి తానే జ్ఞాపకము తెచ్చుకొనవలెను. ఇది ఆయన నేర్పు.

చివరి అధ్యాయమున చీలిక బల్లను విడిచి తల్లీకొడుకుల నడుమకు వచ్చును. పాస్కా పండుగకు సత్ప్రసాదము తీసికొమ్మని తల్లి కోరును, కుమారుడు కాదనును. ఇప్పుడు అరుపులు లేవు, కుర్చీలు పడవు. విందునాడు శాంతికొరకు వేడుకొన్న ఆ తల్లియే ఇచ్చటను వేడుకొనునది. అప్పుడు భర్త వినలేదు, ఇప్పుడు బిడ్డ వినడు. అరచిన కలహముకంటె ఈ మెల్లని కలహమే నన్ను ఎక్కువ బాధించినది.

ఇన్ని మెచ్చుకొన్నను, లెక్క చూచువానిగా నాకొక పద్దు కనబడలేదు. డాంటే తలుపు విసరి వెళ్లినది గదా, ఎచ్చటికి వెళ్లినది? పండుగనాడు, మంచులో, తనదైన ఇల్లు లేని వితంతువు. కేసీ ఏడ్పు వ్రాయబడినది, సైమన్ కన్నీరు వ్రాయబడినది; ఆమెకు కోపము మాత్రమే వ్రాయబడినది. పచ్చమఖమలు చీల్చుచున్నప్పుడు ఆమె చేయి వణకినదో లేదో ఎవరును చెప్పరు. బాలుని కన్ను చూచినదే వ్రాసితినని రచయిత పక్షమున సమాధానము చెప్పవచ్చును. పిల్లవాడు తండ్రి మొగమునే చూచును, అది సహజము. కాని ఆ బాలుడు పెరిగి, తర్కశాస్త్రము చదివి, సౌందర్యమునుగూర్చి పుటలకొలది ఉపన్యసించి, ఈ నవల ముగియువరకును ఆమె యేమైనదని ఒక్కమారైన అడుగడు. ఇది లోపమని నేను పుస్తకపు అంచున వ్రాసికొంటిని.

పిమ్మట ఆయన 1922లో ప్రకటించిన ‘యులిసిస్’ను, అర్థమైనంత మేరకు, ఒక సంవత్సరము పట్టి చదివితిని. అందు చివరి భాగమున ప్రశ్నోత్తరములుగా నడచు అధ్యాయ మొకటి కలదు; మా కచేరీ విచారణ కాగితములవలె నుండును. అందులో నా పద్దు దొరికినది. రియోర్డన్ అను నామె డెడాలసుల ఇంట 1888 సెప్టెంబరు 1 మొదలు 1891 డిసెంబరు 29 వరకు నివసించెనని తేదీలతో వ్రాయబడియున్నది. అనగా క్రిస్మసు గడచిన నాలుగవనాడు ఆమె ఆ యిల్లు విడిచినది. తరువాత మూడేండ్లు సిటీ ఆర్మ్స్ అను హోటలులో నుండెను. అచ్చటనే బసచేసిన బ్లూమ్ అను యూదు తండ్రి బిడ్డ, వేసవి సాయంకాలములలో ఆమెను చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి వీధి మూలవరకు తోసికొనిపోయి, దూరదర్శిని చేతికిచ్చి, పోవు బండ్లను చూపించెడివాడట. తన సొమ్మంతయు తన యాత్మశాంతి పూజలకే విడిచి పోయెనని బ్లూమ్ భార్య తరువాత సణుగును. ఆ యెఱ్ఱ, పచ్చ బ్రష్షులు రెండును ఆ విచారణలో స్టీఫెన్ జ్ఞాపకముగా చేరియున్నవి. కత్తెర మాట లేదు.

అంచున వ్రాసిన మాటను నేను కొట్టివేసితిని. ఆరేండ్లు ఆలస్యముగా, వేరొక పుస్తకమున, వేరొకని కన్నుతో ఆయన ఆ లెక్క చేర్చెను. ఆలస్యపు పద్దును పద్దు కాదనుటకు నాకు అధికారము లేదు.

అది చదివిన దినమున మా ఉగాది పంక్తి జ్ఞాపకమునకు వచ్చినది. నాయన మాట, మామ నవ్వు, అవ్వ చేయి అన్నియు నాకు గుర్తున్నవి. మా అమ్మ అప్పుడెచ్చట నున్నదో గుర్తులేదు. ఒక ప్రక్క భర్త, ఒక ప్రక్క తోడబుట్టినవాడు. అక్క నాకంటె ఆరేండ్లు పెద్దది. ఇప్పుడు కోవిల్పట్టిలో నున్నది. ఆమెకు ఫోను చేసి, ఆ దినము అమ్మ భోంచేసినదా యని అడిగితిని.

“ఆ పొద్దు యాడ తినింది? అవ్వ ఆకు ఎత్తి ఆవుకేసింది. మాపటేళ క్యారియర్‌లో పోళీలు, వేపపువ్వు పచ్చడి పెట్టుకొని ఎనక సందులో మామ ఇంటికి పోయింది. నన్ను గూడా తోడు పిలుచుకొని పోయింది. నాయనతో చెప్పొద్దన్నింది” అని అక్క చెప్పినది. ప్రతి ఉగాదికిని అట్లే పోయెడిదట. నాయనకు తెలియునా యని అడిగితిని. తెలియకేమి, మరునాడు క్యారియరు అరుగుమీద కడిగి బోర్లించి యుండెడిది గదా, అనినది.